డెబ్భై దాటిన చెవులు

చెవి మిషన్ల షాపు నడిపే ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏదైతేనేం, చిన్నప్పటి నుంచీ అందరూ పిలిచేది మాత్రం ఎందుకమ్మ అనే. నడక రాకముందే ‘ఎందుకు’ అనే మాట వచ్చిందని వాళ్ళమ్మ చెప్పుకునేది. బళ్ళో పంతుళ్ళు, బస్సులో కండక్టర్లు, చివరికి పన్ను పీకిన డాక్టరు కూడా ఆమె ప్రశ్నలకు దండం పెట్టినవాళ్ళే. నలభై దాటినా ఆ జబ్బు తగ్గలేదు. మహమ్మారి వచ్చి ఊరంతా తలుపులు మూసుకున్నప్పుడు, మిగతావాళ్ళంతా షాపులు ఎప్పుడు తెరుస్తారని అడుగుతుంటే, ఆమె ఒక్కతే ఏ షాపు తెరవాలో ఎవరు చెబుతారు, ఎలా చెబుతారు అని ఆరా తీయడం మొదలుపెట్టింది.

ప్రభుత్వం అత్యవసరమైన షాపుల జాబితా ఒకటి ప్రకటించింది. మందులు, పాలు, కూరగాయలు. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. వారాలు గడిచేకొద్దీ ఆ జాబితా పెరగసాగింది. ఇస్త్రీ షాపులు చేరాయి. కళ్ళజోళ్ళ షాపులు చేరాయి. తాళాలు బాగుచేసేవాళ్ళు చేరారు. ఆఖరికి మైకులు, స్పీకర్లు అద్దెకిచ్చేవాళ్ళు కూడా చేరారు. చెవి మిషన్ల షాపు మాత్రం చేరలేదు. ఎందుకమ్మ షాపు షట్టర్‌కి మున్సిపాలిటీ వాళ్ళు అంటించి వెళ్ళిన కాగితం వానకు తడిసి, ఎండకు ఎండి, అక్షరాలు వెలిసిపోయింది. అయినా దాన్ని చింపితే లైసెన్సు ఊడుతుంది.

“మైకులు తెరిచి చెవులు మూశారే,” అంది చెల్లెలితో. “మాట్లాడేవాళ్ళకు పర్మిషనుంది. వినేవాళ్ళకు లేదు.”

మామూలు రోజుల్లో అయితే చెల్లెలు పడిపడి నవ్వేది. ఇప్పుడు నవ్వలేదు. లోపలి గదిలో గోడవైపు తిరిగి కూర్చున్న కూతుర్ని చూసి, గొంతు తగ్గించాల్సిన అవసరం లేకపోయినా తగ్గించి, “అక్కా, ఇది పొద్దున నీళ్ళు కావాలని నోటితో అడగలేదే. వేలితో చూపించింది,” అంది.

అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే బిల్డింగులో ఉంటారు. అక్క కింద, చెల్లెలు పైన. చెల్లెలి కూతురికి ఆరేళ్ళు. పుట్టుకతోనే వినికిడి తక్కువ. పాకే వయసులో పెద్దమ్మ చేతుల మీదుగానే చెవి మిషన్లు పెట్టించుకుంది. ఆ తర్వాత ఒక్కొక్క మాటే పట్టుకుని, పట్టుకున్న మాటను వదలకుండా, ఎవరూ నోరు మూయించలేనంత వాగుడుకాయగా తయారైంది. అందుకే దాన్ని ఇంటిల్లిపాదీ పిచ్చుక అంటారు. ఆ మాటలు ఎన్నాళ్ళ కష్టమో ఎందుకమ్మకు తెలుసు. ఒక్క ‘తలుపు’ అనే మాట కోసం తలుపు వెయ్యడం, తియ్యడం, వెయ్యడం, తియ్యడం, బందులు ఊడేదాకా ఆడింది ఆమే.

చెవి మిషన్‌లో అసలు సంగతి మిషన్ కాదు, చెవిలో కూర్చునే అచ్చు. మెత్తటి ముద్దను చెవిలో నింపి, కొలత తీసి, ఆ కొలతకు సరిగ్గా అచ్చు పోస్తారు. చెవికీ అచ్చుకీ మధ్య వెంట్రుకంత సందు మిగిలినా చాలు, శబ్దం బయటికి కారి, మళ్ళీ మిషన్‌లోకి దూరి, కీచుమని ఈల వేస్తుంది. పెద్దవాళ్ళకు ఒక అచ్చు ఏళ్ళ తరబడి సరిపోతుంది. పిల్లలకు సరిపోదు, ఎందుకంటే పిల్లల చెవులు పెరుగుతాయి. కొన్ని నెలలకోసారి కొత్త అచ్చు పోయాల్సిందే.

పిచ్చుక చెవులు లాక్‌డౌన్ ఉందని ఆగలేదు. అచ్చులు వదులయ్యాయి. మిషన్ పెట్టగానే ఈల. పిల్ల మొహం చిట్లించి పీకి అవతల పారేస్తుంది. పోనీ పెదాలు చూసి అర్థం చేసుకుందామంటే బయట కనిపించే ప్రతి మొహానికీ మాస్కు. ఇలా నెల తిరిగేసరికి దాని మాటల్లో చివరి అక్షరాలు రాలిపోయాయి. ‘తలుపు’ కాస్తా ‘తలు’ అయింది. తర్వాత ఆ తలు కూడా పోయి వేలు మిగిలింది. ఈ వయసులో పోయిన మాట మళ్ళీ తేవడం ఎంత కష్టమో తెలిసిన మనిషి కాబట్టి, ఎందుకమ్మ ఆ వేలు చూస్తూ ఊరుకోలేకపోయింది.

కొలత ఇంట్లోనే తీయొచ్చు. కానీ అచ్చును గట్టిపరిచే ప్రత్యేకమైన దీపం, నునుపు చెయ్యడానికి రాయి, పొయ్యడానికి సరుకు, అన్నీ ఆ షట్టర్ వెనకే ఉన్నాయి. ఎందుకమ్మ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది.

“జాబితాలో లేదమ్మా,” అంది అవతలి అమ్మాయి.

“లేదని నాకూ తెలుసు తల్లీ. ఎందుకు లేదు?”

“జాబితాలో లేనివి జాబితాలో ఉండవు కదమ్మా.”

ఇంత తిరుగులేని సమాధానం ఎందుకమ్మ జన్మలో వినలేదు. ఫోన్ పెట్టేసి కాసేపు ఆ అమ్మాయి తెలివిని మెచ్చుకుని, ఇక లాభం లేదని సొంతంగా కూపీ లాగడానికి దిగింది.

పని లేని ఊళ్ళో కబుర్లకు కొదవేముంది? ఇస్త్రీ షాపతన్ని అడిగితే, మంత్రులు నలిగిన చొక్కాలతో టీవీలో కనబడ్డ వారమే తనకు అనుమతి వచ్చిందన్నాడు. కళ్ళజోళ్ళ షాపాయన, ఒక పెద్దాయన తన జోడు మీద తనే కూర్చున్నాడనీ, జిగురు టేపు అంటించుకుని మీటింగుకి వచ్చాడనీ, ఆ మర్నాడే ఉత్తర్వు వచ్చిందనీ ప్రమాణం చేసి చెప్పాడు. తాళాల మనిషి వెనుక కథ ఇంకా బాగుంది. ఒక ఉన్నతాధికారి చెత్తబుట్ట బయట పెట్టడానికి వచ్చి, వెనక తలుపు మూసుకుని తాళం పడిపోయి, లుంగీతో మెట్లమీద సగం రోజు కూర్చున్నాడట. ఇందులో నిజమెంతో, కల్పనెంతో దేవుడికెరుక. కానీ అన్నీ కలిపి చూస్తే ఎందుకమ్మకు ఒక లెక్క అందింది. జాబితా రాసేవాళ్ళు దుర్మార్గులు కారు, వాళ్ళింట్లో ఏది పాడైతే అది అత్యవసరమని వాళ్ళకు తడుతుంది, అంతే.

“అయితే వాళ్ళింట్లో ఎవరికో చెవులు పాడవ్వాలన్నమాట,” అంది చెల్లెలు.

“పాడయ్యే ఉంటాయి. మనిషన్నాక చెవులుండవూ? మనకు తెలియాలంతే.”

ఇంకో వింత కూడా ఆమె కంట్లో పడింది. ఆరోగ్యమంత్రి రోజూ సాయంత్రం టీవీలో మాట్లాడతాడు. మొదట్లో ఆయన మాటలు పొయ్యి దగ్గరున్నవాళ్ళకు కూడా అర్థమయ్యేవి. ఈ మధ్య ఎందుకో ఆయన మాట చిక్కుపడింది. వాక్యం మొదలెట్టినచోట ఒకటి, ముగించినచోట ఇంకొకటి. ‘పరిస్థితులను అనుసరించి సముచిత నిర్ణయాల దిశగా’ అంటూ ఎటో వెళ్ళిపోతాడు, మళ్ళీ రాడు. అంత బాగా మాట్లాడే మనిషి ఉన్నట్టుండి ఎందుకిలా అయ్యాడని ఎందుకమ్మ రెండు రోజులు ఆలోచించింది. చెల్లెలు విసుక్కుని, ప్రపంచంలో ఉన్న చిక్కులన్నీ నీకే కావాలా అంది.

ఆ చిక్కు విప్పుకునే అవకాశం తనంతట తనే ఫోన్ చేసింది. మాట్లాడింది మంత్రిగారి సెక్రటరీ. మంత్రిగారి తల్లి చెవి మిషన్ పనిచేయడం లేదు. కొడుకు మంత్రి కాకముందు నుంచీ ఆవిడ ఎందుకమ్మ షాపు కస్టమరే. కారు పంపిస్తాం, పనిముట్లు తెచ్చుకోండి, విషయం బయటికి పొక్కనివ్వకండి, అన్నాడు.

ఫోన్ పెట్టేసరికి చెల్లెలు మెట్ల మీదే నిలబడి ఉంది. అంతా విన్నది.

“అక్కా, అక్కడ బాగుచెయ్యకు. ఇక్కడ కుదరదు, షాపులోనే అవుతుందని చెప్పు. వాళ్ళే తెరిపిస్తారు.”

“అబద్ధం చెప్పమంటావా?”

“ఒక్క అబద్ధం. దీని మొహం చూసి చెప్పు.”

పిచ్చుక గడప మీద కూర్చుని ఇద్దరి మొహాల వంకా మార్చి మార్చి చూస్తోంది. ఎందుకమ్మ సరేనంది.

కారులో సెక్రటరీ ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి నెమ్మదిగా చెప్పాడు. “ఒక్క మాటమ్మా. సారు ముందు పిల్లలు, బళ్ళు అనే మాట ఎత్తకండి. బళ్ళు తెరవాలని మాతో పొత్తున్న పార్టీ వాళ్ళు, వద్దని మా పార్టీ వాళ్ళు ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పట్టుకుంటున్నారు. ఆ మాట వినబడితే చాలు ఆయన లేచి వెళ్ళిపోతున్నారు.”

“పిల్లల గురించి ఏ మాట ఎత్తినా అంతేనా?”

“ఏ మాటైనా సరే.”

మంత్రిగారి ఇంట్లో వెనక గదిలో, కిటికీ పక్క కుర్చీలో, ఒళ్ళో మిషన్ పెట్టుకుని ఆయన తల్లి కూర్చుని ఉంది. చుట్టూ పలకలు. ఇంట్లోవాళ్ళు ఆవిడకు చెప్పాలనుకున్నదల్లా సుద్దముక్కతో రాసి చూపిస్తున్నారు. ‘అన్నం’, ‘మాత్ర వేసుకున్నావా’, ‘తర్వాత చెబుతా’. ఆ చివరి పలక బాగా అరిగిపోయి ఉంది. ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసిన మనిషి. ఊరందరి మాటలూ కలిపిన చెవులు అవి. ఎందుకమ్మను చూడగానే కోపంతో, “నాతో ఎవరూ మాట్లాడరే! అందరూ రాస్తారు!” అని అరిచింది. తను అరుస్తున్నట్టు ఆవిడకు తెలియదు.

ఎందుకమ్మ మిషన్ విప్పింది. పెద్ద జబ్బేం లేదు. గొట్టం గట్టిపడి, గులిమి అడ్డంపడి మూసుకుపోయింది. కొత్త గొట్టం ఆమె ఇంట్లో ఉంచుకునే చిన్న పనిముట్ల పెట్టెలోనే ఉంది. కుదరదు, షాపులోనే అవుతుంది అనే మాట నోటి చివరిదాకా వచ్చింది. కానీ ఆవిడ రెండు చేతులూ చాచి, తిరిగి ఇవ్వబోయే మిషన్ కోసం అప్పుడే ఎదురుచూస్తోంది. ఎందుకమ్మ చేతులు ఆమె మాట వినలేదు. గొట్టం మార్చి, శుభ్రంగా తుడిచి, ఆవిడ చెవికి పెట్టేశాయి.

పెద్దావిడ ఒక్క క్షణం కదలకుండా ఉండి, తలెత్తి పైకి చూసింది. “ఈ ఫ్యాన్ ఇంత గోల చేస్తుందా?” అంది. ఈసారి మామూలు గొంతుతోనే.

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతూనే ఎందుకమ్మకు తను సరేనన్న మాట గుర్తొచ్చింది. చెల్లెలికి ఏం చెప్పాలి?

అప్పుడే మంత్రి కాగితాలతో లోపలికొచ్చాడు. టీవీలో కంటే పొట్టిగా, బాగా అలిసిపోయి ఉన్నాడు. తల్లి తనవైపు తిరిగి “రారా” అనడంతో ఆయన మొహం ఒక్కసారిగా చిన్నపిల్లాడి మొహం అయిపోయింది. ఎదురుగా కుర్చీ లాక్కుని, ఎందుకమ్మ ఉందన్న సంగతే మర్చిపోయి, ఆ సాయంత్రం టీవీలో చదవాల్సింది చదవడం మొదలుపెట్టాడు.

“ఆగు,” అంది తల్లి. “‘సముచిత నిర్ణయాల దిశగా’ అంటే ఏంట్రా? ఏ దిక్కు? లైను కలవలేదు. మళ్ళీ చెప్పు.”

మంత్రి గీత కొట్టి, “ఏం చెయ్యాలో శుక్రవారం చెబుతాం,” అన్నాడు.

“ఆఁ. ఇప్పుడు కలిసింది.”

ఎందుకమ్మకు ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళూ ఆమెను తొలిచిన ప్రశ్నకు సమాధానం కళ్ళముందే కూర్చుని ఉంది. మంత్రి రోజూ తల్లికి చదివి వినిపించి గానీ టీవీ ముందుకు వెళ్ళడు. తల్లికి అర్థమైతే దేశానికి అర్థమైనట్టు. ఆవిడ చెవి మూసుకుపోయిన నాటి నుంచే ఆయన మాట చిక్కుపడింది. ఒక గొట్టంలో ఇంత గులిమి చేరితే దేశంలో ఎవరికీ ఏమీ అర్థం కాకుండా పోయింది.

చదవడం అయ్యాక మంత్రి ఆమెవైపు తిరిగి, “చాలా సాయం చేశారు. మీకేమైనా కావాలా?” అన్నాడు.

వేరేవాళ్ళయితే షాపు తెరిపించండి అని కాళ్ళమీద పడేవాళ్ళు. ఎందుకమ్మ కదా. “ముందు ఒక సందేహమండీ. జాబితాలోకి ఒక షాపు ఎలా ఎక్కుతుంది?”

గుమ్మంలో నిలబడ్డ సెక్రటరీ దగ్గాడు. మంత్రి మాత్రం నవ్వాడు. ఆ ప్రశ్న ఆయన్ని ఇంతవరకు ఎవరూ సూటిగా అడిగినట్టు లేదు. “ఎవరో ఒకరు అడగాలి. అడిగింది మాకు అర్థం కావాలి. అర్థమైందాన్ని మేం చేస్తే, అవతలి పార్టీ వాళ్ళు తప్పుపట్టడానికి వీల్లేకుండా ఉండాలి. ఈ మూడూ కుదిరినవి ఎక్కుతాయి. చాలావరకు మొదటిదే కుదరదు. మా దాకా వచ్చి అడిగేవాళ్ళు తక్కువ.”

ఎందుకమ్మ బుర్ర గిర్రున తిరిగింది. అడగడానికి తను వచ్చింది. అర్థం కావడానికి తల్లి ఎదురుగా ఉంది. తప్పుపట్టకుండా ఉండడానికి ఏం చెప్పాలి? పిల్లల మాట ఎత్తకూడదు. సరే, ఎత్తదు. అసలు షాపంటూ తెరిస్తే ఎవరి చెవైనా చూడొచ్చు కదా! గొంతు సవరించుకుని, పెద్దవాళ్ళ గురించి మొదలుపెట్టింది. ముసలితనంలో వినబడకపోతే మనిషి ఇంట్లోనే ఏకాకి అయిపోతాడనీ, మీ అమ్మగారి లాంటి పెద్దలు ఎన్ని ఇళ్ళల్లో పలకల మధ్య కూర్చున్నారోననీ, వాళ్ళ దీవెనలు ఊరికే పోవనీ, అంత రసవత్తరంగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. మంత్రి కళ్ళు చెమర్చాయి. పెద్దావిడ ముక్కు తుడుచుకుంది. సెక్రటరీ అంతా రాసుకున్నాడు.

ఇంటికొచ్చి చెల్లెలితో, “అబద్ధం చెప్పకుండానే పని అయిపోయింది చూడు,” అని గొప్పలు పోయింది.

శుక్రవారం సాయంత్రం ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. పిచ్చుక మధ్యలో. మంత్రి మాట అద్దంలా స్పష్టంగా ఉంది. ప్రతి వాక్యానికీ లైను కలిసింది. చెవి మిషన్ల షాపులకు సోమవారం నుంచి అనుమతి అన్నాడు. ఎందుకమ్మ సగం లేచింది.

“డెబ్భై ఏళ్ళు దాటిన పెద్దలకు మాత్రమే,” అన్నాడు మంత్రి. “వెంట ఒక సహాయకుణ్ణి తెచ్చుకోవచ్చు. మరెవరినీ లోపలికి అనుమతించరు. ఉల్లంఘిస్తే షాపు సీలు చేస్తాం.”

ఎందుకమ్మ మళ్ళీ కూర్చుంది. ఆమె ఏది అడిగిందో అక్షరం పొల్లుపోకుండా అదే ఇచ్చారు. మోసం ఎక్కడా లేదు. పిల్లల చెవులు పెరుగుతాయన్న ఒక్క ముక్క చెప్పకుండా నోరు మూసుకుంది తనే. చెల్లెలు టీవీ కట్టేసింది. పిల్లను ఎత్తుకుని పైకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదని ఎందుకమ్మ ఏడ్చింది.

మర్నాడు మంత్రిగారి తల్లి ఫోన్ చేసింది. పాత ఆపరేటరు కాబట్టి పలకరింపులకు సమయం వృథా చెయ్యదు. “నిన్న వాడు టీవీలో చెప్పాడు కదా. సంతోషమేనా? ఏంటి, గొంతు అలా ఉంది? ఏడ్చావా?”

“లేదమ్మగారూ.”

“నేను ముప్ఫై ఏళ్ళు గొంతులే విన్నాను. చెప్పు.”

ఎందుకమ్మ చెప్పింది. పిచ్చుక గురించి, వదులైన అచ్చుల గురించి, సెక్రటరీ హెచ్చరిక గురించి, నీళ్ళ కోసం చాచిన వేలు గురించి. అవతల చాలాసేపు చప్పుడు లేదు. మిషన్ మళ్ళీ పాడైందేమోనని ఆమెకు అనుమానం వచ్చింది.

“వాణ్ణి మళ్ళీ అడగలేనే,” అంది ఆవిడ చివరికి. “అవతలి పార్టీ వాళ్ళు అప్పుడే ‘అమ్మ చెవి కోసం ఆర్డరా’ అని ఎగతాళి మొదలుపెట్టారు. ఇప్పుడు దాంట్లో ఒక్క అక్షరం కదిపినా మొత్తం రద్దు చెయ్యాల్సొస్తుంది. వాడు చెయ్యడు. సరేగానీ, ఆ సహాయకుడి ముక్క ఉంది చూశావూ, అది నేనే పెట్టించాను. ఒక్కదాన్నే మెట్లెక్కలేనని. సహాయకుడికి వయసెంతుండాలో రాశారా?”

ఎందుకమ్మ ఉత్తర్వు తీసి చదివింది. “రాయలేదండీ.”

“లోపలికొచ్చాక నువ్వు ఎవరి చెవి చూడాలో రాశారా?”

మళ్ళీ చదివింది. ఈసారి ఆమె గొంతులో ఏడుపు లేదు. “ఎవరు రావచ్చో రాశారుగానీ, వచ్చినవాళ్ళల్లో ఎవరి చెవి చూడాలో రాయలేదండీ.”

“ఒక లైను దొరక్కపోతే పక్క లైను మీంచి తిప్పి కలిపేవాళ్ళం మేము. ఆ పిల్లకు నాలాంటి ముసల్ది కావాలి. సోమవారం వస్తాను.”

ముసలివాళ్ళను ఈ రోజుల్లో బయటికి లాగడం తప్పేమోనని ఎందుకమ్మకు భయం వేసింది. కిటికీలన్నీ తీసి, కుర్చీలు దూరం జరిపి, ఒక జంట బయటికి వెళ్ళాకే ఇంకో జంట రావాలని బోర్డు పెట్టింది. జంట అనే మాట రాసి, ఉత్తర్వులో ఎక్కడా లేదు కదా అని చెరిపేసి, ‘ఇద్దరు’ అని రాసింది.

సోమవారం షట్టర్ పైకెత్తాక, గుమ్మం దగ్గర ఒక కానిస్టేబుల్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళ వయసు చూడడం అతని డ్యూటీ. కారు ఆగింది. మంత్రిగారి తల్లి దిగి, అక్కడే ఎదురుచూస్తున్న పిచ్చుక చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు అంతకు ముందెన్నడూ చూడలేదు. అయినా ఆ చెయ్యి ఈ చేతిలో ఇట్టే ఇమిడిపోయింది.

“అమ్మగారూ, మీరు రండి. ఈ పాప ఎవరు?”

“నా సహాయకురాలు.”

కానిస్టేబుల్ పిల్లవైపు, ఆవిడవైపు, మళ్ళీ పిల్లవైపు చూశాడు. అతనికి నవ్వాలో భయపడాలో తెలియలేదు. డ్యూటీ గుర్తొచ్చి, లేచి, కొంచెం వంగి, “పాపా, నువ్వు అమ్మగారికి ఏం సాయం చేస్తావు?” అని అడిగాడు.

పిచ్చుక అతని మాస్కువైపు చూసింది. దానికి మాట అందలేదు, పెదాలు కనబడలేదు. షాపు లోపల ఎందుకమ్మ గుమ్మం వైపు రాబోయి ఆగింది. రోడ్డవతల చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్ల వేలు చూపించి ఊరుకుంటే, ఎవరు ఎవరికి సాయం వచ్చారో ఎవరికైనా తెలిసిపోతుంది.

కానిస్టేబుల్ ఇంకోసారి అడిగాడు. పిల్ల అతని కళ్ళలోకే చూస్తోంది. అప్పుడతను పిల్ల చెవి వెనక ఖాళీగా వేలాడుతున్న మిషన్ చూశాడు. రెండడుగులు వెనక్కి వేసి, అటూ ఇటూ చూసి, మాస్కు గడ్డం కిందికి లాగి, పెదాలు బాగా కదుపుతూ నెమ్మదిగా అడిగాడు. “నువ్వు. ఏం. సాయం. చేస్తావు?”

పిచ్చుక మొహం విచ్చుకుంది. “చెయ్యి పట్టుకుంతా,” అంది. చివర కొంచెం ముద్దగా ఉన్నా మాట పూర్తిగానే వచ్చింది.

“పట్టుకో మరి. గట్టిగా పట్టుకో,” అన్నాడు కానిస్టేబుల్. మాస్కు పైకి లాక్కుని, రోడ్డువైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ రోజు ఎందుకమ్మ పిచ్చుక చెవుల్లో మెత్తటి ముద్ద నింపుతుంటే, పెద్దావిడ పక్క కుర్చీలో కూర్చుని, చల్లగా ఉంటుందా, చక్కిలిగింత పెడుతుందా అని పిల్ల కంటే ఎక్కువ ప్రశ్నలు వేసింది. సాయంత్రానికి అచ్చులు తయారయ్యాయి. పెట్టగానే ఈల రాలేదు. ఎందుకమ్మ ఏమీ మాట్లాడకుండా, లోపలి గది తలుపు ఒకసారి వేసి తీసింది. పిల్ల గభాల్న తలతిప్పి, “తలుపు!” అంది.

సంగతి ఎలా పాకిందో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. వారం తిరిగేసరికి షాపు ముందు డెబ్భై దాటినవాళ్ళు బారులు తీరారు. ఒక్కొక్కరి పక్కన బొమ్మ పట్టుకున్న సహాయకుడో, ముక్కు కారుతున్న సహాయకురాలో. కొందరు తాతలకు చెవులు చక్కగా వినబడతాయి. వాళ్ళు పై అంతస్తు పిల్లలకో, పక్కింటి పిల్లలకో తోడొచ్చినవాళ్ళు. కానిస్టేబుల్ వయసు మాత్రం నిక్కచ్చిగా చూసేవాడు. అరవై తొమ్మిదేళ్ళ బామ్మ వస్తే, ఉత్తర్వు ఉత్తర్వే అని వెనక్కి పంపించాడు. ఆవిడ ఎదురింటి ముసలాయన్ని తోడు తెచ్చుకుని, ఆయన సహాయకురాలిగా లోపలికొచ్చింది.

ఒక సాయంత్రం మంత్రి టీవీలో ఆ పథకం గురించి చెప్పాడు. ఊహించిన దానికంటే ఎంతో ఎక్కువమంది పెద్దలు షాపులకు వెళ్తున్నారనీ, ఇంతమంది సహాయకులు ముందుకొచ్చి పెద్దల చెయ్యి పట్టుకుని నడిపించడం తనను కదిలించిందనీ అన్నాడు. వాక్యం సూటిగా, స్పష్టంగా ఉంది. మధ్యాహ్నం ఆ వాక్యం చదివి వినిపించినప్పుడు వాళ్ళమ్మ మొహం ఎలా పెట్టుకుని, లైను కలిసిందని చెప్పి ఉంటుందో చూడాలని ఎందుకమ్మకు మహా ఆశగా ఉంది. ఆయనకు నిజంగా తెలియదా, తెలిసీ ఊరుకున్నాడా అన్నది ఆమె ఈనాటికీ తేల్చుకోలేని ప్రశ్న.

పిచ్చుక టీవీకి వీపు పెట్టి, నేల మీద కూర్చుని బొమ్మలకు రంగులు వేస్తోంది. తెరవైపు చూడలేదు. ఎవరి పెదాలూ చూడలేదు. రంగు వేస్తూనే, తల ఎత్తకుండానే అడిగింది.

“పెద్దమ్మా, సహాయకులంటే ఎందుకు?”

‘ఎవరు’ అని అడగాల్సిన చోట ‘ఎందుకు’ అంది. ఎందుకమ్మ సరిదిద్దలేదు. ఆ సహాయకులనే మాట దానికి ఇంట్లో ఎవరూ నేర్పలేదు, ఎవరూ తలుపులా వేసి తీసి చూపించలేదు. వెనక ఎక్కడో టీవీ వాగుతుంటే దానంతట అదే విని పట్టుకుంది. చెల్లెలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, “ఏమందక్కా? ఇప్పుడేమంది?” అంటోంది.